శెనక్కాయకి బీమా కట్టాలా వద్దా, ఎలా తేల్చుకోవాలి

"పోయినసారి కట్టిందే రాలేదు, మళ్ళీ ఎందుకు" అని అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో వాన మీద శెనక్కాయ వేసే రైతులు చాలామంది అంటారు. ఆ కోపం న్యాయమైనదే, కానీ కట్టింది తిరిగొస్తుందా లేదా అన్నది కాదు చూడాల్సింది, ఏ నష్టం వస్తే ఇల్లు లేవలేదో అది చూడాలి.

ఎకరాకి ఒకట్రెండు బస్తాలు తగ్గితే ఎలాగో నెట్టుకొస్తాం, సాళ్ళ మధ్య కంది, నాలుగు గొర్రెలు, ఇంట్లో ఒకరి కూలి డబ్బులు, వీటితో ఏడాది గడిచిపోతుంది. అదే ఊడలు (కాయ పట్టే కాడలు) భూమిలోకి దిగేటప్పుడు వానల్లేక బెట్ట పట్టి చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఒకేసారి ఎండితే? అందరూ అమ్మకానికి తోలతారు కాబట్టి గొర్రెల రేటు పడిపోతుంది, కూలి దొరకదు, అప్పిచ్చేవాడు కూడా చేతులెత్తేస్తాడు. బీమా కావాల్సింది దీనికి. లక్షలు అప్పు చేసి బోరు వేయడానికి తెగించే మనిషి ప్రీమియం దగ్గర వెనకాడితే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక డబ్బు. ఖరీఫ్‌లో తిండిగింజలకీ నూనెగింజలకీ రైతు కట్టాల్సింది బీమా మొత్తంలో (అంటే పంట పూర్తిగా పోతే వచ్చే సొమ్ములో) 2 శాతానికి మించదు, రబీలో అయితే 1.5, వాణిజ్య పంటలకీ పండ్ల తోటలకీ 5, మిగతాది ప్రభుత్వాలు కడతాయి. ఎకరాకి బీమా మొత్తం 20 వేలు అనుకుంటే మన చేతి నుంచి పోయేది 400.

అన్నిటికంటే ముఖ్యం, మీ పంట ఏ స్కీములో ఉందో రైతు సేవా కేంద్రంలో అడిగి తెలుసుకోండి, గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. వాతావరణ బీమా అయితే మీ చేను చూడటానికి ఎవరూ రారు, మీ ప్రాంతానికి కేటాయించిన వాతావరణ కేంద్రంలో వాన ఎంత పడింది, ఎన్ని రోజులు బెట్ట అన్నదాన్ని బట్టే డబ్బులు వస్తాయి, అక్కడ వాన పడి మీ చేనుకి పడకపోతే రాకపోవచ్చు కూడా. అందుకే ఏ కేంద్రం, ఎన్ని రోజుల బెట్టకి ఎంత ఇస్తారు అని కట్టకముందే అడగండి. దిగుబడి బీమా అయితే ఊరినో, కొన్ని ఊళ్ళనో ఒక యూనిట్‌గా తీసుకుని పంట కోత ప్రయోగాలు చేస్తారు, అంటే కొన్ని చేలల్లో కోసి తూకం వేసి దిగుబడి లెక్కగడతారు, హామీ దిగుబడి (ఇంత పండాలని బీమాలో ముందే పెట్టుకున్న లెక్క) 500 కిలోలై వచ్చింది 300 అయితే బీమా మొత్తంలో 40 శాతం వస్తుంది. వడగళ్ళు పడినా, చేను మునిగినా, కోసి ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు అకాల వానకి తడిసినా 72 గంటల్లో చెప్పాలి, ఫోన్ 14447, ఫోటోలు తీసి పెట్టుకోండి.

ఇంకోటి, ఆంధ్రాలో కొన్నేళ్ళు రైతు వాటా కూడా ప్రభుత్వమే కట్టింది కానీ 2024-25 రబీ నుంచి మనమే కట్టాలి, ఈ-పంటలో (ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఆన్‌లైన్ నమోదులో) ఎక్కింది కదా అని కూర్చుంటే కుదరదు. క్రాప్ లోన్ ఉంటే బ్యాంకే ప్రీమియం కట్ చేస్తుంది, వద్దనుకుంటే గడువుకి 7 రోజుల ముందే రాసివ్వాలి, కావాలనుకుంటే కట్ అయిందో లేదో, పంట పేరు సరిగ్గా పడిందో లేదో పాస్‌బుక్కూ రసీదూ చూసుకోండి, ఒక పంట వేసి ఇంకో పంట పేరు పడితే క్లెయిమ్ రాదు. కౌలుకి చేసేవాళ్ళు సాగుదారు హక్కు పత్రం (ఆ భూమిలో పంట వేసేది తామేనని చూపే కార్డు) కోసం విత్తనం వేయకముందే తిరగడం మొదలుపెట్టండి, భూమి యజమాని సంతకానికే చాలా రోజులు పోతాయి.