గైడ్‌కు అర్ధరాత్రి, పిల్లలకు పట్టపగలు: సెకండ్ లైఫ్ స్టార్ షోలో సమస్య - పరిష్కారం

సమస్య: సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ 3డి ప్రపంచంలో మీరు గైడ్‌గా విద్యార్థులకు చుక్కలు, గ్రహాల నమూనాలు చూపిస్తున్నారు. మీకు ఆకాశం నిండా చుక్కలు. చూడటానికి వచ్చిన విద్యార్థులేమో "ఎండ కాస్తోంది, చుక్కలేవీ?" అంటారు.

వెంటనే అందరూ నెట్‌ను అనుమానిస్తారు, వ్యూయర్ (సెకండ్ లైఫ్‌ను తెరిచే సాఫ్ట్‌వేర్) మళ్ళీ ఇన్‌స్టాల్ చేయిస్తారు. దయచేసి ముందు ఒక స్క్రీన్‌షాట్ అడగండి.

కారణం: వరల్డ్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ తెరిచి మిడ్‌నైట్ నొక్కారు కదా, ఆ రాత్రి మీ ఒక్కరికే. మిగతా అవతార్లకు ఆ స్థలానికి పెట్టిన ఆకాశమే కనిపిస్తుంది. మామూలు సెట్టింగ్‌లో అక్కడ రోజంటే 4 గంటలు: పగలు 3, రాత్రి 1. ఒక కాలేజీ బృందంతో చేసినప్పుడు మా రిహార్సల్ సరిగ్గా ఆ రాత్రి గంటలో పడింది, అంతా బాగుందనుకున్నాం. అసలు షోలో పాలపుంత గురించి చెబుతుంటే పిల్లలు నీలాకాశం చూస్తూ మర్యాదగా విన్నారు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

పరిష్కారం: ముందు మీరే 'యూజ్ షేర్డ్ ఎన్విరాన్‌మెంట్' పెట్టుకోండి. అప్పుడే పిల్లలు చూసేది మీకూ కనిపిస్తుంది. తర్వాత ఎబౌట్ ల్యాండ్‌లోని ఎన్విరాన్‌మెంట్ ట్యాబ్‌లో ఆ పార్సెల్‌కు (షో జరిగే స్థలం ముక్కకు) రాత్రి ఆకాశాన్ని స్థిరంగా పెట్టండి. అక్కడ మార్చనివ్వకపోతే రీజియన్ (ఆ పార్సెల్ ఉన్న పెద్ద చదరం) యజమాని అనుమతి ఇవ్వలేదన్నమాట, వాళ్ళనే అడగాలి. అయినా ఒకరిద్దరికి పగలే ఉంటే వాళ్ళ దగ్గర సొంత సెట్టింగ్ ఉంది, తీసేయమనండి.

రాత్రి పెట్టాక మీరు ఉంచిన గ్రహాల నమూనాలు నల్లబడతాయి. ఆ వస్తువును ఎడిట్ చేసే విండోలో, టెక్స్చర్ ట్యాబ్‌లో ఫుల్ బ్రైట్ (చుట్టూ చీకటైనా వస్తువు పూర్తి వెలుగులో కనిపించే సెట్టింగ్) టిక్ చేయండి. చంద్రకళలు చూపించే చంద్రుడికి మాత్రం వద్దు, నీడ పోతే ఇక చూపించడానికి ఏమీ ఉండదు.

నెప్ట్యూన్ కనబడట్లేదా? రీజియన్ పొడవు 256 మీటర్లు, డ్రా డిస్టెన్స్ (వ్యూయర్ ఎంత దూరం వరకు చూపించాలో చెప్పే సెట్టింగ్) 128లో ఉంటే అవతలి చివర కనిపించదు. పెంచమనండి.

ఎవరూ రాలేదంటే టైమ్ చూడండి. అక్కడి గడియారం కాలిఫోర్నియాది: మన సమయం వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు ముందుంటుంది.

గ్రహాలు బూడిదరంగు గోళాల్లా కనిపిస్తే ఇంకా లోడ్ అవుతున్నాయన్నమాట, కాసేపు ఆగితే సర్దుకుంటాయి.

ఇంకొకటి, ఆ ఆకాశంలో సప్తర్షి మండలం వెతకమని పిల్లలకు చెప్పకండి. అవి నిజమైన నక్షత్ర పటం ప్రకారం పెట్టిన చుక్కలు కావు. నక్షత్రరాశులు చూపించాలంటే ఒక గుమ్మటం కట్టి, లోపలివైపు అసలు పటం అతికించాలి.