శేషం ఆరు మిగిలితే ఏం చేశానంటే

మా వాడు మూడో తరగతి. నాలుగో ఎక్కం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు, కానీ 14ను 4తో భాగించమంటే మాత్రం భాగఫలం 2, శేషం 6 అని రాసి దర్జాగా కూర్చునేవాడు. శేషం ఎప్పుడూ భాగించే సంఖ్య కంటే చిన్నగా ఉండాలిరా అని పదిసార్లు చెప్పాను (అరిచాను కూడా, దాచడమెందుకు), పదిసార్లూ తలూపాడు, మర్నాడు మళ్ళీ అదే తప్పు.

చివరికి పుస్తకం పక్కన పెట్టేసి, 14 చింతగింజలు, 4 గిన్నెలు ఇచ్చి సమానంగా పంచమన్నాను. తలా రెండు వేసి ఆగాడు. చేతిలో ఇంకా ఆరున్నాయి. "మరి ఇవి?" అంటే కాసేపు వాటికేసి చూసి, "అయ్యో, ఇంకో రౌండ్ వస్తుంది నాన్నా!" అని తలా ఒకటి వేశాడు. మిగిలినవి రెండు. అవి కూడా వేసేయరా అంటే, "ఇద్దరికే వస్తాయి, మిగతా ఇద్దరూ ఊరుకుంటారా?" అన్నాడు.

గింజలు వెంటనే తీసేయలేదు. రౌండుకోసారి నోట్‌బుక్‌లో 4 తీసేయించాను: 14, 10, 6, 2. మూడుసార్లు తీశాడు కాబట్టి భాగఫలం 3. నిలువు భాగహారం వారం తర్వాతే మొదలుపెట్టాం. ఇప్పుడు 408ని 4తో భాగిస్తే 12 అంటున్నాడు, దానికి ఇక వంద నోట్లు, రూపాయి బిళ్ళలు బయటికి తీయాలి.