తిరగవాత వేయని పప్పు: ఇంట్లో పీజ్ పుడ్డింగ్

పేరులో పుడ్డింగ్ ఉంది కదా అని తియ్యగా ఉంటుందనుకోకండి, ఇందులో చక్కెరా లేదు, పాలూ లేవు. ఇంగ్లాండ్‌లో ఈశాన్యం వైపు, న్యూకాజిల్, డర్హమ్, సండర్‌ల్యాండ్ వాళ్లు తరతరాలుగా తింటున్న పప్పు ముద్ద ఇది. మా తమ్ముడు న్యూకాజిల్‌లో చదువుకున్నాడు. అక్కడి మాంసం కొట్లలో దీన్ని చల్లారబెట్టి అమ్ముతారని, స్టాటీ అనే గుండ్రటి రొట్టెలో పెట్టుకుని తింటారని చెప్పి, తిరుపతికి వచ్చినప్పటి నుంచి ‘అక్కా, ఒకసారి చేసి పెట్టు’ అని వెంటపడ్డాడు. నాలుగైదు సార్లు చేశాక చేయి కుదిరింది, అందుకే రాస్తున్నా.

ముందు పప్పు సంగతి. కావాల్సింది పసుపు రంగు బఠాణీ పప్పు, శనగపప్పు కాదు. అంగడిలో రెండు బస్తాలూ పక్కపక్కనే ఉంటే చూపుకి ఒకటే అనిపిస్తాయి, కానీ నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చూడండి: బఠాణీ పప్పు సగం గోళీలాగా నున్నగా, గుండ్రంగా ఉంటుంది, శనగపప్పు కొంచెం గరుకుగా, ఒక కొస ముక్కులాగా ఉంటుంది. ధర తక్కువని కొన్ని చోట్ల శనగపప్పులో దీన్ని కలిపేస్తారు కూడా. మన దేశానికి ఈ బఠాణీ ఎక్కువగా కెనడా, రష్యాల నుంచి వస్తుంది, ఎప్పటి సరుకో మనకు తెలీదు, కాబట్టి పాతబడి రంగు వెలిసిన పప్పు వద్దు. పాత పప్పు ఎంత ఉడికించినా మెత్తబడదు.

నలుగురికి పావు కిలో చాలు. కడిగి నాలుగు గంటలు నానబెట్టండి. అక్కడ రాత్రంతా నానబెడతారు, వాళ్ల చలికి సరిపోతుంది, మన తిరుపతి మే నెలలో రాత్రంతా బయట పెడితే తెల్లారేసరికి నురుగు కట్టి పులిసిపోతుంది.

ఇక మూట. పాత పద్ధతిలో పప్పును గుడ్డలో కట్టి, ఉప్పులో ఊరబెట్టిన పంది మాంసం ఉడికే కుండలోనే వేస్తారు, మాంసం ఉప్పూ కొవ్వూ పప్పుకి పడతాయి, ఒకే మంట మీద రెండూ అయిపోతాయి. మా ఇంట్లో ఆ మాంసం వండం కాబట్టి నేను కూరగాయల నీళ్లలో చేస్తాను: ఒక పెద్ద ఎర్రగడ్డ నాలుగు ముక్కలు, ఒక క్యారెట్, పది మిరియాలు, ఒకటిన్నర చెంచా ఉప్పు, ఒకే ఒక్క బిర్యానీ ఆకు. ఒక్కటే అని ఎందుకంటున్నానంటే, వాళ్లు వేసే బే ఆకు వేరే చెట్టుది. మన ఆకులో పొడవునా మూడు ఈనెలు ఉంటాయి, దాల్చినచెక్క వాసన వస్తుంది, రెండు వేస్తే పులావ్ అయిపోతుంది. మాంసం తినేవాళ్లు మటన్ ఎముకల నీళ్లలో ఉడికించుకోండి, ఇంకా బాగుంటుంది.

గుడ్డకి ఉతికిన పాత మల్లు పంచె ముక్క మేలు, కొత్త గుడ్డ గంజి వాసన కొడుతుంది. వాసెన కట్టి కుడుములు చేసే ఇళ్లలో ఆ గుడ్డ ఎలాగూ ఉంటుంది. పప్పు పోసి ముడి వేసేటప్పుడు లోపల ఇంకో అంత పప్పు పట్టేంత ఖాళీ వదలండి. నేను మొదటిసారి గట్టిగా బిగించి కట్టాను, పప్పు ఉబ్బడానికి చోటు లేక బయట మెత్తగా, నడిమధ్యలో పలుకుగా వచ్చింది, గంటన్నర గ్యాసూ వృథా అయింది. మూట మునిగేలా నీళ్లు పోసి, సన్న మంట మీద గంటన్నర ఉడికించండి, నీళ్లు తగ్గితే వేడి నీళ్లే పోయండి. బోరు నీళ్లలో పప్పు ఉడకదని మనకు తెలిసిందే కదా, తాగే నీళ్లు వాడండి. నిమ్మకాయ, టమాటా లాంటి పులుపు ఈ దశలో అసలు వద్దు, పులుపు తగిలితే పప్పు బిర్రుగా ఉండిపోతుంది.

అంత ఓపిక లేకపోతే గుడ్డ లేకుండా కుక్కర్‌లో పెట్టేయండి, ఒకటికి రెండున్నర నీళ్లు, ఐదారు విజిల్స్. కుక్కర్ సగానికి మించి నింపొద్దు, ఈ పప్పు నురుగు బాగా వస్తుంది, విజిల్‌లో అడ్డం పడుతుంది. చెంచా నూనె వేస్తే నురుగు తగ్గుతుంది.

మూట తీసి నీళ్లు కారనిచ్చి, పప్పుగుత్తితో వేడిమీదే బాగా ఎనపండి. నలభై గ్రాముల వెన్న, మిరియాల పొడి, కావాలంటే అర చెంచా వెనిగర్ కలపండి. పాత ఇంగ్లీషు వంటల పుస్తకాల్లో గుడ్డు కూడా కొట్టి కలిపి, మళ్లీ మూట కట్టి ఇంకో గంట ఉడికించేవాళ్లు, అప్పుడు ముద్ద విడిపోకుండా నిలబడుతుంది. గుడ్డు లేకపోయినా పరవాలేదు, చల్లారితే అదే సంగటి ముద్దలాగా గట్టిపడుతుంది, అందుకే వేడిగా ఉన్నప్పుడు కొంచెం జారుగానే దించండి.

ఇక్కడే మా అమ్మ ప్రతిసారీ ఆవాల డబ్బా తీస్తుంది. ‘తిరగవాత లేకుండా ఏం పప్పే ఇది?’ అంటుంది. దయచేసి వేయకండి. ఇంగువ, ఎండుమిరపకాయ పడిందంటే అది మనం రోజూ తినే పప్పే. బఠాణీకి సొంతంగా ఒక కమ్మదనం, కాస్త మట్టి వాసనలాంటి తీపి ఉంది, వెన్నా మిరియాలూ తప్ప ఇంకేదీ దాని మీద పడకపోతేనే అది నాలుకకి తెలుస్తుంది. ఒక్కసారి అలాగే తిని చూడండి, నచ్చకపోతే రెండోసారి మీ ఇష్టం.

స్టాటీ ఇక్కడ దొరకదు, బేకరీలో తియ్యగా లేని బన్ను తెచ్చి పెనం మీద కాల్చి, మధ్యలో మందంగా పూయండి, పక్కన మిరియాలు వేసి వేయించిన గుడ్డు. మిగిలింది గిన్నెలో నొక్కి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు ఉంటుంది. పొద్దున్నే వేలు మందం ముక్కలు కోసి, పెనం మీద వెన్నతో రెండు వైపులా ఎర్రగా కాల్చండి, తొందరపడి తిప్పితే విరిగిపోతాయి, అంచులు తమంతట తాము పెనం వదిలేదాకా ఆగండి.