తన మూడ్‌ని బట్టే మీ రోజు నడుస్తోందా? ఆ ముడి విప్పుకోవడం ఎలా?

భర్త రాత్రి తాగి పడిపోయాడు. పొద్దున్నే ఆయన ఆఫీసుకు భార్య ఫోన్ చేసి "జ్వరమండీ" అని చెబుతుంది. చేబదులు తీర్చేదీ ఆమే, అత్తగారి ముందు వెనకేసుకొచ్చేదీ ఆమే. కోడిపెండెన్సీ, అంటే మన అవసరాలు మరిచి ఎదుటి మనిషి చుట్టూనే బతుకు తిప్పుకోవడం, అనే మాట అమెరికాలో ఇలాంటి ఇళ్లను చూసే పుట్టింది. అక్కడ 1951లో మొదలైన ఆల్-అనాన్ బృందాలు తాగేవాళ్ల కోసం కాదు, వాళ్ల మనుషుల కోసం. కోడిపెండెన్సీ డాక్టరు చీటీ మీద రాసే జబ్బు కాదు. తాగుడు ఊసే లేని ప్రేమజంటల్లోనూ, మగవాళ్లలోనూ చూస్తాం.

1. ముందు గుర్తుపట్టండి

వారం రోజులు రాత్రిపూట ఒక్క ప్రశ్న రాసుకోండి: ఈరోజు నాకేం కావాలనిపించింది? రోజూ "తనకేది ఇష్టమైతే అదే" అని వస్తోందా? మెసేజ్ చూసి జవాబివ్వకపోతే అన్నం సహించడం లేదా? తను చేసిన తప్పుకు మీరు సారీ చెబుతున్నారా? అయితే ముడి బిగిసిందనే అర్థం.

2. ఒక్క పని మానేయండి

అన్నీ ఒకేసారి వద్దు. ఆ ఆఫీసు ఫోనే తీసుకోండి. గొడవలో కాదు, మత్తులో ఉన్నప్పుడు అసలే కాదు, తేరుకున్నాక నెమ్మదిగా చెప్పండి: "ఏవండీ, ఇకనుంచి మీ ఆఫీసుకు నేను ఫోన్ చేయను. మీరే చెప్పుకోండి." అంతే. సంజాయిషీ అక్కర్లేదు.

3. ఆ తర్వాతి గంట తట్టుకోండి

అసలు కష్టం ఇక్కడే. గుండె దడదడలాడుతుంది, "నేనింత రాతిగుండెదాన్నా" అనిపిస్తుంది. చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. ఫోన్ పక్కగదిలో పెట్టి, అక్కకో స్నేహితురాలికో దగ్గరగా ఉండండి. తను అలగొచ్చు, అరవొచ్చు, ఉన్నట్టుండి బతిమాలొచ్చు. "సర్దుకుపోవాలమ్మా" అనే పెద్దలూ ఉంటారు. సర్దుబాటు ఇద్దరిదైతేనే సర్దుబాటు. ఆ అపరాధభావం మీరు తప్పు చేశారనడానికి గుర్తు కాదు, పాత అలవాటు తెగుతున్న నొప్పి. ప్రతిసారీ కాస్త తగ్గుతుంది.

4. వదిలేసినవి తిరిగి అందుకోండి

మానేసిన సంగీతం, మీ పేరిట బ్యాంకు ఖాతా, మాటలు తగ్గిపోయిన స్నేహం. ఏదో ఒకటి, ఈ వారమే.

చెయ్యి చేసుకోవడం, బెదిరింపులు ఉన్నచోట మాత్రం ఈ మెట్లేవీ ప్రయత్నించకండి. అక్కడ తప్పు మీ అలవాటుది కాదు. ముందు ప్రాణం: ఆపదలో 112, మహిళలకు 181. మనసు బరువెక్కినప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే "నాకు నిద్ర పట్టడం లేదండీ" అన్నా చాలు.