ఇంగ్లీష్ కాంపౌండ్ వర్డ్స్ (మన సమాసాల్లాగా మాటలు కలిసి ఏర్పడేవి) తికమక పెడుతున్నాయా? తేడా ఎక్కడొస్తోందో చూద్దాం

సమస్య: హౌస్‌బోట్, బోట్‌హౌస్ ఒకటేలా అనిపిస్తున్నాయి.
ఏది అసలు మాటో పట్టించుకోకపోవడమే కారణం. ఇంగ్లీషులో మామూలుగా చివరి మాటే అసలు వస్తువు, ముందున్నది అది ఎలాంటిదో చెబుతుంది. హౌస్‌బోట్ అంటే మనుషులుండే పడవ, బోట్‌హౌస్ అంటే పడవలు పెట్టుకునే షెడ్డు. బడిలో చదివిన తత్పురుష గుర్తుందా? రామబాణం అంటే బాణమే కదా, ఇదీ అంతే. పిక్‌పాకెట్ మాత్రం జేబు కాదు, జేబులు కొట్టేవాడు, అంటే మన ముక్కంటిలాగా (కన్ను కాదు, మూడు కళ్లున్న శివుడు) ఉన్న మాటలు కాకుండా వేరేదాన్ని చెప్పే బహువ్రీహి అన్నమాట. ఇలాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

సమస్య: 'టెన్ రుపీస్ నోట్', 'ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్' అని రాస్తున్నారు.
మన దగ్గర ఎక్కువగా కనబడేది ఇదే. తెలుగులో పది రూపాయల నోటు, ఐదేళ్ల పిల్లాడు అంటాం కాబట్టి ఆ బహువచనం అలాగే ఇంగ్లీషులోకి వచ్చేస్తుంది. అక్కడ ముందు మాట సాధారణంగా ఏకవచనంలోనే ఉంటుంది: టెన్-రుపీ నోట్, ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్. నోట్లో పళ్లన్నీ తోమినా అది టూత్‌బ్రషే, టీత్‌బ్రష్ కాదు. అదే 'ద బాయ్ ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్' అన్నప్పుడు ఎస్ వస్తుంది, హైఫన్లు పోతాయి. స్పోర్ట్స్ కార్, సేవింగ్స్ అకౌంట్ లాంటి మొండి ఘటాలూ ఉన్నాయనుకోండి.

సమస్య: బహువచనం ఎస్ ఎక్కడ పెట్టాలి?
అసలు మాటకే. మదర్-ఇన్-లాలో అసలు మాట ముందుంది కాబట్టి మదర్స్-ఇన్-లా. పాసర్స్-బై (దారిన పోయేవాళ్లు) కూడా అంతే.

సమస్య: లాగిన్ కలిపి రాయాలా, విడగొట్టాలా?
నామవాచకమైతే కలపాలి, క్రియ అయితే విడగొట్టాలి. అనుమానం వస్తే భూతకాలంలో పెట్టి చూడండి: 'లాగ్‌డ్ ఇన్' అంటాం, 'లాగిన్‌డ్' అని ఎవరూ అనరు, కాబట్టి క్రియ రెండు మాటలే. బ్యాకప్‌కీ ఇదే పరీక్ష.

సమస్య: హైఫన్ ఉండాలా వద్దా?
ఒక్కో డిక్షనరీలో ఒక్కోలా ఉండటానికి కారణం, దీనికి స్థిరమైన రూలు లేకపోవడం. 2007లో షార్టర్ ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ దాదాపు 16,000 మాటల్లో హైఫన్ పీకేసింది, ఐస్ క్రీమ్ రెండు మాటలైంది, బంబుల్‌బీ ఒకటైపోయింది. కాబట్టి టెన్షన్ పడకుండా ఒక కొత్త డిక్షనరీ పెట్టుకుని, రాసేదంతా దాని ప్రకారమే రాయండి.