సంగీత పరిశోధన: ముందు విషయం, తర్వాతే రూపం

సంగీతంలో చివరి ఏడాది చదువుతున్నవారు తమ పరిశోధనకు రూపం సిద్ధాంత వ్యాసమా, సోదాహరణ ప్రసంగమా, రికార్డింగుల సంకలనమా అన్నది ముందే తేల్చుకుని, ఆ తర్వాత విషయం కోసం వెతకవద్దని నా మనవి.

ఉదాహరణకు కోనసీమ నాట్ల పాటలను తీసుకోండి. ఆడవాళ్లు బురదలో వెనక్కి అడుగులు వేస్తూ, నడుము వంచి పాడుతున్నప్పుడు ఊపిరి తెగే చోటు, ఒకరు అందించిన పాదాన్ని మిగిలినవారు అందుకునేటప్పుడు శ్రుతి కొద్దిగా జారే తీరు స్వరలిపిలో పూర్తిగా పట్టుబడవు. అందువల్ల 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల వేవ్ ఫైలుగా రికార్డు చేసి (స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ పడుతుంది), పాఠాన్నీ వ్యాఖ్యనూ దానికి జతచేయడమే సరైన రూపం. కాలవ గట్టు మీద గాలి ఎక్కువ కనుక మైకుకు తొడుగు తప్పనిసరి. పాడినవారి అనుమతిని కూడా వారి గొంతుతోనే రికార్డు చేసుకోండి. సార్వా (ఖరీఫ్) నాట్లు తప్పిపోతే దాళ్వా (రబీ) నాట్ల వరకు ఆగవలసి వస్తుంది, అప్పటికి సమర్పణ గడువు దగ్గరపడుతుంది.

ఇద్దరు నాదస్వర విద్వాంసులు ఒకే రాగాన్ని విస్తరించిన తీరును పోల్చదలిస్తే మాత్రం, స్వరలిపితో కూడిన వ్యాసమే మేలు. కోనసీమలోని జగ్గన్నతోటలో అలంకరించిన ప్రభలను ఊరేగించే కనుమనాటి ప్రభల తీర్థం వంటిదానికైతే వీడియో కావాలి, ఎందుకంటే అక్కడ వాద్యాన్ని ఊరేగింపు నడక నుంచి విడదీయలేము.