సొంతంగా బిగించుకున్న సోలార్‌కు నెట్ మీటర్: దరఖాస్తు ఎక్కడ ఆగిపోతుంది?

వీడియోలు చూసి ప్యానెళ్లు కొని, ఫ్రేమ్ వెల్డింగ్ చేయించి, డాబా మీద సొంతంగా సోలార్ నిలబెట్టుకునేవాళ్లు మన ఊళ్లలో పెరుగుతున్నారు. పని బాగానే చేస్తున్నారు. చిక్కంతా దాన్ని లైన్‌కు కలిపి, తీసుకున్న కరెంటును, పంపిన కరెంటును విడివిడిగా లెక్కేసే నెట్ మీటర్ పెట్టమని కరెంటు ఆఫీసుకు వెళ్లినప్పుడే. కాగితాలు లేవని తిప్పి పంపుతారు. గేటు దాటేలోపు "పదివేలు ఇవ్వండి, నేను చూసుకుంటా" అనే మనిషి తగులుతాడు. ఆయన చూసుకునేది ఏమీ ఉండదు. ఆ కాగితాలేవో తెలిస్తే మీరే తెచ్చుకోవచ్చు.

ముందుగా సబ్సిడీ కావాలా వద్దా అన్నది తేల్చుకోండి. పీఎం సూర్యఘర్ పథకం కింద కేంద్రం మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000, మొత్తం మీద 78,000 వరకు ఇస్తుంది. కానీ పోర్టల్‌లో నమోదైన వెండర్ బిగిస్తేనే ఆ డబ్బు వస్తుంది. ప్యానెళ్లు, వాటిలోని సెల్స్ రెండూ మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. దీన్నే డీసీఆర్ అంటారు. మీరే బిగించుకుంటే సబ్సిడీ రాదని ముందే అనుకోండి. "మీరు బిగించుకోండి, నా వెండర్ ఐడీ మీద చూపిస్తా" అనేవాళ్ల మాట వినకండి. ప్యానెళ్ల సీరియల్ నంబర్లు, ఫొటోలు పోర్టల్‌లో ఎక్కించాలి. ఐదేళ్ల మెయింటెనెన్స్ ఒప్పందం కూడా ఆయన పేరు మీదే ఉంటుంది. రేపు ఇన్వర్టర్ కాలిపోతే ఆయన ఫోన్ ఎత్తుతాడన్న నమ్మకం నాకైతే లేదు.

సబ్సిడీ వద్దనుకుంటే మీ డిస్కంకు, అంటే మీకు కరెంటు సరఫరా చేసే సంస్థకు, నెట్ మీటరింగ్ దరఖాస్తు పెట్టుకోవాలి. తిరుపతి, విజయవాడ, విశాఖ, హైదరాబాద్, వరంగల్ కేంద్రాలుగా ఉన్న ఐదింటిలో మీది ఏదో బిల్లు మీదే ఉంటుంది. సామాన్లు కొనకముందే మీ ప్రాంతపు కరెంటు ఆఫీసులోని అసిస్టెంట్ ఇంజినీర్‌ను (సెక్షన్ ఏఈ) కలిసి, తమ జాబితాలో లేనివాళ్లు బిగిస్తే ఒప్పుకుంటారా, ఏ సర్టిఫికెట్లు అడుగుతారు అని కనుక్కోండి. జవాబు కాగితం మీద రాయించుకుంటే ఇంకా మంచిది. దరఖాస్తుకు సర్వీస్ నంబరు, ఆధార్, తాజా బిల్లు, ఇంటి కాగితం వంటివి అడుగుతారు. బిల్లు ఎవరి పేరు మీద ఉందో దరఖాస్తు వాళ్లే పెట్టాలి. బిల్లు ఇంకా చనిపోయిన నాన్నగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పు చేయించుకోండి. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, దరఖాస్తు ఆమోదించినట్టే లెక్క. కాబట్టి "ఫీజిబిలిటీ తెప్పిస్తా" అని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

అసలు ఆగిపోయేది ఇన్వర్టర్ కాగితం దగ్గర.

సొంతంగా కట్టుకున్నవాళ్లలో చాలామంది కొనేది బ్యాటరీతో నడిచే సోలార్ ఇన్వర్టర్. అది ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు నడపడానికే, లైన్‌లోకి కరెంటు పంపడానికి కాదు. లైన్‌కు కలపాలంటే గ్రిడ్‌టై ఇన్వర్టర్ ఉండాలి. లైన్‌లో కరెంటు పోగానే అది తనంతట తాను ఆగిపోతుందని నిరూపించే పరీక్ష సర్టిఫికెట్ కూడా కావాలి. ఐఎస్ 16169 లేదా ఐఈసీ 62116 అని రాసి ఉండేది అదే. దీని మీద ఆఫీసువాళ్లు పట్టుబట్టడం చూసి విసుక్కుంటారు గానీ, ఇందులో వాళ్ల మొండితనం ఏమీ లేదు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపించి పని చేసుకునే అనుమతి) తీసుకుని పోల్ ఎక్కిన లైన్‌మన్‌కు లైన్ చచ్చిపోయి ఉందనే నమ్మకం ఉంటుంది. మీ డాబా మీది ప్యానెళ్లు అటునుంచి కరెంటు పంపుతూ ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి పనిచేసి 11 కేవీ వైపు కూడా కరెంటు పుట్టిస్తుంది. ఇంట్లోని సాకెట్‌లో ప్లగ్ పెడితే చాలంటూ ఆన్‌లైన్‌లో చవగ్గా అమ్మేవాటి జోలికి అందుకే వెళ్లకండి.

సర్టిఫికెట్ ఉన్నా కొందరిని తిప్పి పంపుతారు. ఎందుకంటే అది అదే కంపెనీదే, మోడల్ వేరు. ఇన్వర్టర్ పక్కన అంటించిన స్టిక్కర్ చూడండి, మోడల్ అని ఉన్న వరుసలో అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. సర్టిఫికెట్‌లో ఉన్న మోడళ్ల జాబితాలో సరిగ్గా అదే ఉండాలి. చివర్లో ఒక్క అక్షరం తేడా వచ్చినా తిరస్కరించవచ్చు. షాపువాడు వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ చాలు కదా అని అక్కడే వదిలేయకండి. డబ్బు కట్టే ముందే రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. జీఎస్టీ బిల్లు మీద కూడా మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి. ప్యానెళ్లకు ఐఎస్ 14286, ఐఎస్/ఐఈసీ 61730 సర్టిఫికెట్లు అడుగుతారు. ప్యానెల్ స్టిక్కర్ వెనకవైపు ఉంటుంది, ఫ్రేమ్ మీద బిగించాక దాన్ని చదవాలంటే కింద దూరి పడుకోవాల్సిందే. బిగించకముందే ఒక్కోదానికీ ఫొటో తీసి పెట్టుకోండి.

సెల్స్ కొని టంకం వేసి ఇంట్లోనే ప్యానెల్ చేసుకున్నవాళ్లు, పాత ప్యానెళ్లు కొన్నవాళ్లు బాధపడక్కర్లేదు. అవి లైన్‌కు కలవవు, అంతే. బ్యాటరీకి కట్టి పశువుల కొట్టంలో లైట్లు, పొలం దగ్గర చిన్న ఫ్యాన్ నడుపుకోవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఎర్తింగ్ దగ్గర కూడా జాగ్రత్త. పిడుగు రక్షణకు ఒకటి, ప్యానెళ్ల వైపు ఒకటి, ఇన్వర్టర్ నుంచి ఇంట్లోకి వచ్చే ఏసీ కరెంటు వైపు ఒకటి, మూడు వేర్వేరు గుంతలు ఉండాలి. మూడు వైర్లనూ ఒకే రాడ్‌కు కట్టేస్తే తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అదే చూస్తారు. వైరింగ్ డయాగ్రం, పని పూర్తయిన పత్రం మీద లైసెన్స్ ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ సంతకం కావాలి. బిగించింది మీరే అయినా ఆయనతో చూపించుకోక తప్పదు. ఆ ఖర్చుకు వెనకాడకండి.

నెట్ మీటర్ పెట్టేదాకా ఇన్వర్టర్‌ను లైన్‌కు కలిపి ఆన్ చేయకండి. పాత ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావరకు కరెంటు ఎటు పోయినా వాడకంగానే లెక్కేస్తాయి. మీరు పంపిన యూనిట్లకు మీరే బిల్లు కడతారు. తీరా కరెంటు పోయినప్పుడు సోలార్ కూడా ఆగిపోతుందని టెన్షన్ పడకండి, లైన్ పోగానే ఆగిపోవాలని పైన చెప్పిన రక్షణ సరిగ్గా పని చేస్తున్నట్టే. కోతల్లో కూడా కావాలంటే బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి. దాని సర్టిఫికెట్‌ను కూడా ఇలాగే సరిచూసుకోండి.

కిలోవాట్‌కు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు వస్తాయి. మొదటి బిల్లు రాగానే అందులో లైన్ నుంచి తీసుకున్నవి, పంపినవి విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. జీరో బిల్లు అని ఎవరైనా చెప్పినా ఫిక్స్‌డ్ చార్జీల వంటివి వస్తాయి. పంపిన యూనిట్ల దగ్గర సున్నా ఉంటే మాత్రం మీటర్ డిస్‌ప్లే ఫొటో, ఇన్వర్టర్ యాప్‌లో నెల లెక్క రెండూ పట్టుకుని ఏఈ దగ్గరికి వెళ్లండి. అక్కడ తేలకపోతే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ రాసుకోండి. డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లాల్సి వస్తే ఆ నంబర్‌తో పని పడుతుంది.